రేవు చేర్చే విద్య

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠ్యభాగం వ్యాస ప్రక్రియకు చెందింది. తెరచాప నావను ఇంజను సాయంతో ఇరుకైన రేవులోకి తెచ్చి నిలపడంలోని నేర్పు ఇందులోని విషయం. నల్లగొండ జిల్లా తిరుమలగిరి (సాగర్) ప్రాంత విద్యార్థులకు పరిచితమైన నాగార్జునసాగర్ లాంచీ రేవుతో మొదలై, భూగోళాన్ని చుట్టివచ్చిన తారిణి నౌక వరకు ఈ వ్యాసం సాగుతుంది.

పాఠ్యభాగం

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల వారికి సముద్రం దూరపు మాట. చెరువు, కుంట, వాగు, వాటికి మించి కృష్ణానది - ఇవే మన నీళ్లు. అయినా నావ మనకు పరాయిది కాదు. వెదురుబద్దలతో బుట్టవలె అల్లి, పైన తోలు కప్పిన పుట్టిలో కూర్చుండి కృష్ణను దాటిన తరాలు ఈ నేలమీద ఎన్నో గడిచాయి. గుండ్రని ఆ పుట్టికి ముందు వెనుకల భేదం లేదు. తెడ్డు వేసినవాడి చేతివాటాన్ని బట్టి అది తిరుగుతుంది, తేలుతుంది, ఒడ్డుకు చేరుతుంది. ఒడ్డు ఇసుకదైతే తాకినా నష్టం లేదు. పుట్టి నడిపేవాడికి రేవు చేరడం ఒక సమస్యగా తోచి ఉండదు.

నావ పొడవు పెరిగి, దానికి ఇంజను అమరి, ఒడ్డు రాతికట్టడంగా మారిన తరువాతనే ఆ సమస్య పుట్టింది. తిరుమలగిరి (సాగర్) మండలానికి చేరువలోనే దానికి ఉదాహరణ ఉంది. 1955 డిసెంబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట వెనుక, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ మునిగిపోయింది. ముంపునకు ముందు, 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. దొరికిన శిల్పాలను, కట్టడాలలో ముఖ్యమైనవాటిని లోయ నడుమ ఉన్న కొండపైకి తరలించింది. నీళ్లు నిండిన తరువాత ఆ కొండ ద్వీపమైంది. 1966లో అక్కడ ప్రదర్శనశాల వెలసింది. విజయపురిలో వెలికివచ్చిన స్నానఘట్టాన్ని సైతం ఆ ద్వీపం మీద తిరిగి నిలిపారు. ఒకనాడు కాలినడకన వెళ్లగలిగిన చోటికి నేడు లాంచీలో వెళ్లాలి.

లాంచీ ఎక్కినవారు నడినీటి ప్రయాణాన్ని గుర్తుంచుకుంటారు. చల్లనిగాలి, చుట్టూ కొండలు, కనుచూపు మేర నీరు. నడిపే సరంగుకు మాత్రం ఆ భాగంలో పెద్దగా పని ఉండదు. అతని విద్య బయటపడేది చివరి నూరు గజాలలో. ఇంజను చప్పుడు ఒక్కసారిగా తగ్గుతుంది. లాంచీ కొంతదూరం తనంతట తాను జారుతుంది. చుక్కాని ఒకవైపు తిరుగుతుంది, ఇంజను క్షణంపాటు వెనుకకు గర్జిస్తుంది, పక్కకు వేలాడదీసిన పాత టైర్లు గట్టును మెత్తగా ఒత్తుకుంటాయి. ప్రయాణికులు అప్పటికే సంచులు సర్దుకొని నిలబడి ఉంటారు. అంతసేపటి ప్రయాణంలోనూ ఆలోచన అవసరమైన రెండు నిమిషాలు గడిచిపోయాయని వారిలో ఎవరికీ తెలియదు.

ఈ విద్యను వివరించే ముందు దానికి సంబంధించిన మాటలను తెలుసుకోవాలి. నావ ముందుభాగాన్ని మన కోస్తా జాలరులు ‘అణియం’ అంటారు, వెనుకభాగాన్ని ‘అమరం’ అంటారు. చక్కని తెలుగు మాటలు. నిఘంటువులలో ఉన్నా మన పాఠాలలో కనబడవు. ఈ వ్యాసంలో వాటినే వాడుకుందాం. ‘తెరచాప’ కూడా మన మాటే. తెరవలె విప్పే చాప అది. ‘చుక్కాని’కి మూలం అరబ్బీ, ‘లంగరు’, ‘సరంగు’ పారసీకం నుంచి వచ్చాయి. పశ్చిమ సముద్రపు వర్తకులతో మన రేవులకున్న చుట్టరికాన్ని ఈ పదాలు నేటికీ చెబుతాయి. రెండు తెరచాప కొయ్యలతో నౌక గుర్తుగా సాతవాహనులు సీసపు నాణేలు ముద్రించిన దేశం మనది. సంస్కృతంలో చుక్కానికి ‘కర్ణం’ అని పేరు. దానిని పట్టినవాడు కర్ణధారుడు. జాతికి కర్ణధారుడు, ఉద్యమానికి కర్ణధారుడు అని నాయకులను పొగిడేటప్పుడు మనం వాడే మాట పడవవాడి మాటే. అమరకోశంలోని వారివర్గం చూస్తే నావ భాగాలకు ఎన్ని పేర్లున్నాయో తెలుస్తుంది. ఇంజను మాత్రం అమరసింహుడికి తెలియదు.

ఇక అసలు విషయం. తెరచాప నావ గాలితో నడిచేది కదా, దానికి ఇంజను ఎందుకు? విశాలమైన నీటిలో గాలి ఎటునుంచి వీచినా, తెరచాప కోణాన్ని మార్చి, అవసరమైతే వంకరటింకరగా సాగి గమ్యం చేరవచ్చు. అందుకు చోటు కావాలి. నేటి విహారనౌకల రేవును మెరీనా అంటారు. అందులో తేలే చెక్కదారులు, వాటికి ఇరువైపులా అంగడివీధిలో బండ్లవలె వరుసగా కట్టిన నావలు ఉంటాయి. రెండు వరుసల నడుమ సందు చాలాచోట్ల నావ పొడవుకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉంటుంది. అక్కడ గాలిమీద ఆధారపడితే ఒక్క విసురుకు పక్కనావను తాకవలసివస్తుంది. అందుచేత రేవు ముఖద్వారానికి ముందే తెరచాపలు దించి, చిన్న ఇంజనుతో లోపలికి వస్తారు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకొనే చిన్న తెరచాప పడవలకు ఈ బాధ లేదు. వాటికి ఇంజను ఉండదు. ఇద్దరు మనుషులు పట్టుకొని ఒడ్డుకు లాగగలరు. పది పన్నెండు మీటర్ల నావ బరువు ఎనిమిది, తొమ్మిది టన్నులు ఉంటుంది. దానిని చేతితో ఆపడం అసాధ్యం. ఆపబోయి వేళ్లు నలిగినవారు, కాలు అడ్డుపెట్టి ఎముక విరిగినవారు ప్రతి దేశపు రేవులోనూ ఉంటారు.

నేలమీది బండి నడిపిన అనుభవం ఇక్కడ సాయపడకపోగా దారి తప్పిస్తుంది. మొదటి భేదం, నావకు బ్రేకు లేదు. ఇంజను ఆపినా అది జారుతూనే ఉంటుంది. నీటి రాపిడి నెమ్మదిగా వేగాన్ని తగ్గిస్తుంది. వెంటనే ఆగాలంటే పంకాను వెనుకకు తిప్పడమొక్కటే మార్గం. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగు రెట్లు అవుతుందని భౌతికశాస్త్రంలో మీరు చదివే ఉంటారు. మనిషి మెల్లగా నడిచే వేగంలో, అంటే గంటకు మూడు నాలుగు కిలోమీటర్లతో గట్టును తాకిన నావ రంగు పోగొట్టుకుంటుంది. అంతకు రెట్టింపు వేగంతో తాకితే పలకలు పగులుతాయి.

రెండవ భేదం ఇంతకంటె సూక్ష్మమైనది. కారుకు, ట్రాక్టరుకు ముందు చక్రాలు తిరుగుతాయి, వెనుకభాగం ముందుభాగాన్ని అనుసరిస్తుంది. నావకు తిప్పే సాధనం అమరంలో ఉంది. చుక్కాని తిప్పితే మొదట కదిలేది వెనుకభాగమే. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవారిని గమనించండి. బండి ముందుభాగం కుడికి తిరగాలంటే వెనుక పిడి పట్టుకున్న మనిషి ఎడమకు జరుగుతాడు. నావ కూడా అంతే. ముందుకు సాగేటప్పుడు అది తిరిగే ఇరుసు అణియం నుంచి సుమారు మూడోవంతు దూరంలో ఉంటుంది. కనుక కుడికి తిరిగిన నావ వెనుకభాగం ఎడమవైపు విశాలంగా ఊడుస్తుంది. కొత్తగా నేర్చుకొనేవాడు కళ్లను అణియం మీద నిలిపి, అది గట్టును దాటిందని సంతోషించేలోపు అమరం పోయి గట్టును కొడుతుంది.

మూడవది, చుక్కానికి స్వయంశక్తి లేదు. దాని పక్కనుంచి నీరు పారినప్పుడే అది పనిచేస్తుంది. నిలిచిన నావలో చుక్కానిని ఎంత తిప్పినా ఫలితం లేదు. బహు నెమ్మదిగా వెళ్తే గాలి చెప్పినట్లు నావ నడుస్తుంది, తొందరగా వెళ్తే ఆపలేము. ఈ ఇరకాటం నుంచి తప్పించే ఉపాయం ఒకటుంది. చాలా నావలలో పంకా చుక్కానికి ముందు ఉంటుంది. చుక్కానిని పూర్తిగా ఒకవైపు తిప్పి, ఇంజనుకు క్షణకాలం జోరు ఇచ్చి తగ్గిస్తే, పంకా తోసిన నీరు చుక్కానిని తాకి అమరాన్ని పక్కకు నెడుతుంది. అంతలోనే జోరు తగ్గినందువల్ల నావ ముందుకు పెద్దగా పోదు. వేగం పెంచకుండా దిశ మార్చడమంటే ఇదే. వెనుక గేరులో ఈ సాయం అందదు. పంకా నీటిని ముందుకు తోస్తుంది కాబట్టి చుక్కాని మీద ప్రవాహం ఉండదు. నావ వెనుకకు కొంత వేగం పుంజుకున్న తరువాతనే చుక్కాని మాట వింటుంది.

అయితే వెనుక గేరులో మరో వింత కనిపిస్తుంది. పంకా నీటిని తోయడంతోపాటు, తాను తిరిగే దిశకు అమరాన్ని పక్కకు కూడా లాగుతుంది. వెనుకనుంచి చూసినప్పుడు, నావను ముందుకు నడిపే వేళ గడియారపు ముల్లులా తిరిగే పంకా అయితే, వెనుక గేరు వేయగానే అమరం ఎడమకు జరుగుతుంది. తెలియనివారికి ఇది నావ మొండితనంగా తోస్తుంది. తెలిసినవారికి ఇదే ఆయుధం. నావ పొడవుకంటె కొంచెమే ఎక్కువ ఉన్న సందులో వెనుదిరగాలనుకోండి. చుక్కానిని కుడికి తిప్పి ముందుకు ఒక్క జోరు ఇవ్వాలి. అణియం కుడికి, అమరం ఎడమకు కదులుతాయి. ముందుకు కదలిక మొదలవగానే వెనుక గేరు వేయాలి. నావ ఆగుతుంది, అమరం మరికొంత ఎడమకు పోతుంది. మళ్లీ ముందుకు, మళ్లీ వెనుకకు. ఇలా నాలుగైదుసార్లు చేస్తే నావ ఉన్నచోటనే తిరిగివస్తుంది. ఇదే పనిని ఎడమవైపు చేయబోతే ప్రతి వెనుక గేరూ ముందు చేసిన పనిని చెడగొడుతుంది. కనుక తన నావ పంకా ఎటు లాగుతుందో తెలియనివాడు ఇరుకులోకి పోకూడదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గాలిలేని ఉదయాన విశాలమైన నీటిలో ఆగి, చుక్కాని నడుమ ఉంచి, వెనుక గేరు వేసి చూస్తే చాలు.

గాలి సంగతి ఇంకా చెప్పలేదు. తెరచాపలు దించినా గాలి నావను విడిచిపెట్టదు. ఎత్తైన కొయ్య, తాళ్లు, నీటిపైకి లేచిన అణియం గాలికి తగులుతూనే ఉంటాయి. నీటి అడుగున నడుమభాగాన ఉన్న బరువైన రెక్క నావ పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది గాని, ఆ రెక్కకు దూరంగా ఉన్న అణియాన్ని గాలి సులభంగా నెట్టివేస్తుంది. అందుచేత ఆగిన నావ తన ముక్కును గాలివాలుకు తిప్పుకుంటుంది. వెనుకకు నడపవలసి వచ్చినప్పుడు అమరాన్ని గాలికి ఎదురుగా ఉంచినవాడు నిలకడగా పోగలడు. రేవును సమీపించేటప్పుడు ఎదురుగాలిలో రావడం మేలు. గాలే బ్రేకు వేస్తుంది. ప్రవాహం బలంగా ఉన్న నదిలో గాలికంటె ప్రవాహానికి ఎదురు రావాలి. మన సాగర్ జలాశయంలో సముద్రపు ఆటుపోట్లు లేవు. దాని బదులు ఏటా నీటిమట్టం మారుతుంది. పూర్తిమట్టం 590 అడుగులు. వరదకాలంలో అంతవరకు నిండిన నీరు వేసవికి ఎన్నో అడుగులు దిగుతుంది. నిరుడు లోతున ఉన్న బండ ఈ వేసవిలో పంకాకు తగిలే ఎత్తులో ఉండవచ్చు. గట్టు తెలిసినదే కదా అనే ధీమా అందువల్ల పనికిరాదు.

ఈ సూత్రాలు తెలిసినంత మాత్రాన విద్య రాదు. చందోలక్షణం కంఠస్థం చేసినవాడు పద్యం అల్లలేనట్లే ఇది కూడా. నేర్పేవారు మొదట రేవు దరిదాపులకు రానివ్వరు. నడినీటిలో తేలే డబ్బా ఒకటి వేసి, దానిని గట్టుగా భావించి దాని పక్కన నావను ఆపమంటారు. తాకకుండా, దాటిపోకుండా, అరచేయి చాచితే అందేంత దూరంలో. ఎదురుగాలిలో, పక్కగాలిలో, చివరకు వెనుకగాలిలో. డబ్బా నలిగినా నష్టం లేదు. ఇది చేతికి వచ్చిన తరువాతనే రేవు. అక్కడ కూడా లోపలికి పోకముందే చేయవలసిన పనులున్నాయి. వెనుక గేరు పడుతున్నదో లేదో విశాలమైన నీటిలోనే చూసుకోవాలి. రబ్బరు దిండ్లు ఏ వైపు వేలాడదీయాలో, ఏ మోకు ఎవరు పట్టాలో ముందే నిర్ణయించాలి. మోకు కొస నీటిలో పడితే పంకాకు చుట్టుకొని ఇంజనును ఆపివేస్తుంది. కాబట్టి మోకులు చుట్టలుగా నావపైనే ఉండాలి. ఇంజను మొరాయిస్తే వేయడానికి లంగరు సిద్ధంగా ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, అనుకున్నట్లు జరగకపోతే బయటకు వచ్చే దారిని లోపలికి పోకముందే చూసుకోవడం. ఒకసారి కుదరకపోతే వెనుదిరిగి మళ్లీ రావడంలో చిన్నతనం లేదు. మొండిగా కుదుర్చుకోబోయేవాడే పక్కవాడి నావను పాడుచేస్తాడు.

భారత నౌకాదళానికి చెందిన తారిణి నౌకను ఇక్కడ తలచుకోవాలి. సుమారు పదిహేడు మీటర్ల పొడవున్న ఆ తెరచాప నావలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. 254 రోజులు, దాదాపు 21,600 నాటికల్ మైళ్లు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు కావడం మనకు సంతోషకరం. విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి భారతీయుడు దిలీప్ దోండే వారికి శిక్షణ ఇచ్చారు. హారన్ అగ్రాన్ని చుట్టి, పర్వతాలవంటి అలలను ఎదుర్కొన్న ఆ ప్రయాణాన్ని పత్రికలు ఎంతో వర్ణించాయి. అది న్యాయమే. అయితే ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులలో ఆ నావ చేరిన ఘడియలను కూడా ఊహించండి. వారాల తరబడి అంతులేని నీటిలో తెరచాపతో సాగినవారు, నిద్రలేమితో అలసిన దేహంతో, ఒక్కసారిగా నాలుగువైపులా గట్టులు, నావలు ఉన్న ఇరుకులో ఇంజను పట్టి అంగుళాల లెక్కన నడపాలి. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ యంత్రాంగం చెడడంతో వారు మారిషస్ రేవును కూడా చేరవలసివచ్చింది. మహాసముద్రంలో పొరపాటును దిద్దుకోవడానికి మైళ్ల కొద్దీ చోటు ఉంటుంది. రేవులో ఉండదు.

రేవు చేరే వేళ జాగ్రత్త నడిపేవారికి మాత్రమే పరిమితం కాదు. ఎక్కినవారికి కూడా బాధ్యత ఉంది. 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం వద్ద, పవిత్ర సంగమం సమీపంలో, అనుమతి లేకుండా నడిచిన పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. ఇటువంటి ప్రమాదాలకు కారణాలు పలురకాలు. అవన్నీ ప్రయాణికుల చేతిలో ఉండేవి కావు. చేతిలో ఉన్నది ఒకటుంది. మనుషులు కూర్చున్నప్పుడు బరువు కిందికి ఉండి నావ నిలకడగా ఉంటుంది. అందరూ లేచి నిలబడితే బరువు పైకి చేరుతుంది. గట్టు కనబడగానే అందరూ ఒకేవైపుకు ఒరిగితే నావ కూడా అటే ఒరుగుతుంది. సరంగు ఇంజనును నెమ్మదించి చివరి మలుపు తిప్పుతున్న ఆ క్షణమే ప్రయాణికులు సంచులతో లేచే క్షణం కూడా. కట్టేదాకా కూర్చోండి అని అతడు అరిస్తే అది మర్యాదలేనితనంగా భావించకూడదు. లైఫ్ జాకెట్ విప్పి చంకన పెట్టుకోవలసిన సమయం కూడా అది కాదు.

ఇక కట్టడం. గట్టుకు ఆనగానే మొదట వేయవలసింది అణియం మోకు అని చాలామంది అనుకుంటారు. అది ఒక్కటే వేసి లాగితే అణియం గట్టుకు అంటుకొని అమరం బయటికి పోతుంది. మనుషులు తక్కువగా ఉన్న నావలో మొదటి మోకును నావ నడుము నుంచి తీసి, గట్టుమీద కొంచెం వెనుకగా ఉన్న కొయ్యకు కట్టడం ఉత్తమం. అప్పుడు ఇంజనును అతి నెమ్మదిగా ముందుకు నడిపితే మోకు బిగిసి, నావ తనంతట తాను గట్టును అంటిపెట్టుకొని నిలుస్తుంది. తీరికగా మిగిలిన మోకులు కట్టుకోవచ్చు. ఇదే ఉపాయాన్ని బయలుదేరే వేళ తిప్పి వాడతారు. గాలి నావను గట్టుకు అదిమిపెట్టి విడవనప్పుడు, అణియం నుంచి ఒక మోకును గట్టుమీద వెనుకవైపు కొయ్యకు చుట్టి కొసను తిరిగి నావలోకే తెచ్చుకోవాలి. ముక్కు దగ్గర దిండు పెట్టి, చుక్కానిని గట్టువైపు తిప్పి ఇంజనును మెల్లగా ముందుకు నడపాలి. ముందుకు పోవడానికి మోకు ఒప్పదు. కనుక అమరం గట్టునుంచి తొలగుతుంది. అది తగినంత తొలగిన తరువాత వెనుక గేరు వేసి, మోకు కొస వదిలి లాగుకుంటే నావ శుభ్రంగా బయటపడుతుంది. పదిమంది తోసినా కదలని నావను ఒక్క మోకు కదిలించగలదు.

ఇంజనును ఆపడం అన్నిటికీ చివరిపని. మోకులన్నీ బిగిశాయో లేదో, నీటిమట్టం తగ్గితే సాగే వదులు వాటిలో ఉందో లేదో ఒకసారి చుట్టూ తిరిగి చూసిన తరువాతనే దానిని ఆపుతారు. సాగర్ రేవులో లాంచీ కట్టిన తరువాత కూడా ఇంజను కొంతసేపు గుడగుడలాడుతూ ఉండడం మీరు ఈసారి వెళ్లినప్పుడు గమనించవచ్చు.

అభ్యాసం

అర్థసందర్భాలు
1. “ఇంజను మాత్రం అమరసింహుడికి తెలియదు.”
2. “పదిమంది తోసినా కదలని నావను ఒక్క మోకు కదిలించగలదు.”

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నావను తోపుడుబండితో ఎందుకు పోల్చారు?
2. నిలిచిన నావలో చుక్కాని ఎందుకు పనిచేయదు?
3. సాగర్ జలాశయంలో గట్టు తెలిసినదే అనే ధీమా ఎందుకు పనికిరాదు?

వ్యాసరూప ప్రశ్న
ఇరుకైన రేవులో నావను నిలపడానికి నడిపేవారు, ప్రయాణికులు పాటించవలసిన జాగ్రత్తలను కారణాలతో వివరించండి.